బరువు తగ్గాక రొమ్ముల సైజు, ఆకారం మారాయి: నా అనుభవం

బరువు తగ్గాలనుకునే ఆడవాళ్లకి పొట్ట ఎలా కరుగుతుంది, నడుము ఎన్ని ఇంచులు తగ్గుతుంది అని చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. రొమ్ములు కూడా తగ్గుతాయని, తగ్గడంతో ఆగకుండా ఆకారమే మారుతుందని, పైభాగం ఖాళీ అయినట్టు అయిపోయి కిందకి జారతాయని మాత్రం నాకు ముందుగా ఒక్కరూ చెప్పలేదు. జిమ్‌లో చెప్పలేదు, డైటీషియన్ చెప్పలేదు, నాకంటే ముందు తగ్గిన ఫ్రెండ్స్ కూడా చెప్పలేదు. తీరా నాకు జరిగాక అడిగితే "అవునే, నాకూ అంతే, ఇలాంటివి ఎవరికి చెప్పుకుంటాం" అన్నారు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చాలావరకు భయపడాల్సిందీ లేదు, కాకపోతే ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలో మాత్రం ప్రతి ఆడదానికీ తెలిసుండాలి.

నాకు 41 ఏళ్లు. తార్నాకలో ఉంటాం. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ పాలిచ్చాను. రెండో కాన్పు తర్వాత పెరిగిన బరువు పెరిగినట్టే ఉండిపోయి 84 కిలోల దగ్గర ఆగింది. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, అంటే షుగర్ గుమ్మం దాకా వచ్చేసిందన్నమాట. మన భారతీయులకి బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు లెక్క, 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క, నాది 34 దగ్గర ఉండేది. తగ్గక తప్పదని తెలిసిపోయింది.

ఎలా తగ్గానన్నది పెద్ద కథ కాదు. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద నడక, అన్నం సగానికి సగం కోత, రాత్రి జొన్నరొట్టె కూర, రోజూ గుడ్లో పప్పో పెరుగో ఏదో ఒక ప్రోటీన్ తప్పకుండా, కొన్నాళ్లయ్యాక జిమ్‌లో బరువులు. మా ఇంటి దగ్గరే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు తమ ఆహార మార్గదర్శకాల్లో వారానికి అర కిలో చొప్పున మెల్లగా తగ్గడం మంచిదని చెప్తారు, దాదాపు ఆ పద్ధతిలోనే వెళ్లాను. 66 కిలోల దగ్గర నిలబడ్డాను. షుగర్ రీడింగు దిగింది, మోకాళ్లు కుదుటపడ్డాయి. అది సంతోషమే, చాలా పెద్ద సంతోషం. నేను చెప్పాల్సింది మిగతా దాని గురించి.

మొదట తేడా తెలిసింది బ్రా దగ్గర. కప్పుల పైభాగంలో గుడ్డ ముడతలు పడేది, లోపల ఏమీ లేనట్టు నొక్కుకుపోయేది. స్ట్రాప్‌లు ఎంత బిగించినా మధ్యాహ్నానికల్లా భుజం మీద నుంచి జారిపోయేవి. ఆఫీసులో మాటిమాటికీ చున్నీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ స్ట్రాప్ పైకి లాక్కునేదాన్ని. వెనక హుక్కుల పట్టీ వీపు మీద పైకి పాకిపోయేది. అది పట్టీ వదులైందనడానికి గుర్తు అని అప్పట్లో తెలియదు. ముఖం, రొమ్ములు, ఈ రెండు చోట్లే ముందు తగ్గింది నాకు. పొట్ట ఆఖరికి కదిలింది. కొవ్వు ఎక్కడ ముందు కరగాలి, ఎక్కడ తర్వాత అన్నది మన చేతిలో ఉండదు, ఏ ఎక్సర్‌సైజూ ఆ వరసని మార్చలేదు.

సంగతి పూర్తిగా అర్థమైంది మాత్రం టైలర్ దగ్గర. మా ఆడపడుచు కూతురి పెళ్లికి పట్టుచీర జాకెట్టు కుట్టించాలి. నల్లకుంట సందులో ఎన్నో ఏళ్లుగా నాకు కుట్టే ఆమె ఉంది, ఆమెకి నా ఆది జాకెట్టు ఇచ్చి, "సన్నబడ్డాను కదా, దీన్నే పక్కల రెండు కుట్లు లోపలికి వేసి అదే కొలతకి కుట్టేయ్" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ముందు వేసుకుని చూపించమంది. వేసుకున్నాను. పక్కల గుడ్డని పిన్నులతో పట్టుకుని బిగించింది, నడుము దగ్గర సరిపోయింది, చంకల కింద సరిపోయింది, ముందు మాత్రం రొమ్ము ఎత్తు కోసం గుడ్డ మడిచి కుట్టే డాట్ల మొనల దగ్గర గుడ్డ బుడగలా లేచి నిలబడింది. వేలితో నొక్కితే లోపలికి పోతోంది. "చూడక్కా, పక్కల కుట్టేస్తే అయ్యేది కాదిది. డాట్ ఉన్న కాడ నువ్వు లేవు, నువ్వు ఉన్న కాడ డాట్ లేదు. మళ్లా కొలత తీస్కోవాలె" అంది. టేపు భుజం మీద పెట్టి కిందకి వదిలింది. పుస్తకంలో పాత కొలత పదిన్నర రాసి ఉంది. ఇప్పుడు పదకొండు. చుట్టుకొలత 43 నుంచి 39కి వచ్చింది.

అంటే చుట్టూ తగ్గింది, భుజం నుంచి మొన దాకా పెరిగింది. ఒకటి తగ్గితే రెండోది కూడా తగ్గాలి కదా అని నేను అయోమయంగా చూస్తుంటే ఆమె తల ఎత్తకుండానే "సన్నబడ్డోళ్లందరికీ ఇంతే అక్కా, నువ్వేం పరేషాన్ కాకు, నేను కటోరి కట్ పెట్టి సెట్ చేస్తా" అంది. ఆ ఒక్క మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. ఎందుకంటే అప్పటిదాకా ఇది నాకొక్కదానికే అయింది, నా ఒంట్లోనే ఏదో లోపం ఉంది అనుకుంటూ ఉన్నాను. అద్దం ముందు బట్టలు మార్చుకోవడం మానేసి బాత్‌రూమ్‌లో మార్చుకునే దాకా వెళ్లాను.

ఆ తర్వాత గైనకాలజిస్ట్ దగ్గరికి వేరే పని మీద వెళ్లినప్పుడు అడిగేశాను. ఆవిడ విసుక్కోలేదు, ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక బొమ్మ గీసి చెప్పారు. రొమ్ములో కండరం ఉండదు. పాలగ్రంథులు, పాలనాళాలు, వాటి మధ్యనా చుట్టూ కొవ్వు, వీటన్నిటినీ పట్టి ఉంచే సన్నని పోగుల్లాంటి కణజాలం, దాన్నే కూపర్స్ లిగమెంట్స్ అంటారు. పైన చర్మం, అడుగున ఛాతీ కండరం. బరువు తగ్గితే ఒంట్లో మిగతా చోట్ల కొవ్వు తగ్గినట్టే ఇక్కడా తగ్గుతుంది. కానీ ఏళ్ల తరబడి సాగిన చర్మం, సాగిన ఆ పోగులు అదే లెక్కలో వెనక్కి ముడుచుకోవు. దిండులో దూది సగం తీసేసినా గలీబు మాత్రం అంతే ఉన్నట్టు. అందుకే పైభాగం చదునుగా అయిపోయి, ఉన్నదంతా కిందకి చేరుతుంది, మొన కిందకి దిగుతుంది. నా టైలర్ టేపులో వచ్చిన అర అంగుళం అదే.

మరి మా వదిన నాకంటే ఎక్కువే తగ్గింది, ఆమెకి ఇంత మార్పు లేదే అని అడిగాను. దానికి ఆవిడ చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. అందరి రొమ్ముల్లోనూ కొవ్వు, గ్రంథులు ఒకే పాళ్లలో ఉండవట. కొందరిలో గ్రంథుల భాగం ఎక్కువ, వాళ్లు ఎంత సన్నబడ్డా అక్కడ పెద్దగా తగ్గదు. కొందరిలో కొవ్వే ఎక్కువ, వాళ్లకి నాలుగైదు కిలోలు తగ్గినా తెలిసిపోతుంది. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా పీరియడ్స్ ఆగిపోయాక, గ్రంథులు తగ్గి వాటి చోట కొవ్వు చేరుతుంది కాబట్టి పెద్ద వయసులో బరువు తగ్గేవాళ్లకి తేడా ఇంకా ఎక్కువ కనిపించవచ్చు. చర్మం సాగే గుణం వయసుని బట్టి, వంశాన్ని బట్టి, ఎన్ని కాన్పులయ్యాయన్న దాన్ని బట్టి ఉంటుంది. పొగ తాగేవాళ్ల చర్మం త్వరగా సడలిపోతుంది. ఎంత బరువు, ఎంత వేగంగా తగ్గారన్నదీ ముఖ్యమే.

ఇంకొకటి కూడా అడిగాను, ఎందుకంటే మా ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడూ అనేది అదే: "పిల్లలకి అన్నేళ్లు పాలిచ్చావు, అందుకే జారిపోయాయి." డాక్టర్ అది ఒప్పుకోలేదు. గర్భంతో ఉన్నప్పుడు రొమ్ములు పెరగడం, కాన్పు తర్వాత తగ్గడం, అది మళ్లీ మళ్లీ జరగడం వల్ల సాగుతాయి తప్ప పాలివ్వడం వల్ల కాదట. ఎందరు కొత్త తల్లులు ఈ భయంతో పాలు మాన్పించేస్తున్నారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. దయచేసి ఈ కారణంతో ఎవరూ పాలు మాన్పించకండి.

నాకు ఎడమ వైపు కుడి కన్నా కాస్త పెద్దగా ఉండేది, సన్నబడ్డాక ఆ తేడా ఇంకా బాగా కనిపించడం మొదలైంది. రెండూ అచ్చం ఒకేలా ఉండే ఆడవాళ్లు అరుదు, ఇది మొదటి నుంచీ ఉన్నదే అయితే కంగారు లేదన్నారు. కొత్తగా ఒక్క వైపే పెరిగినా, ఒక్క వైపే ఆకారం మారినా అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలి. స్ట్రెచ్ మార్క్స్ కూడా ఉన్నాయి, ఎర్రగా ఉన్నవి కాలం గడిచేకొద్దీ తెల్లబడి కలిసిపోయాయి.

ఇప్పుడు భయపడిన సంగతి. ఒక రోజు స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో చంక వైపు వేళ్లకి ఏదో తగిలింది. కందిగింజ కన్నా పెద్దది, నొక్కితే పక్కకి జరుగుతోంది. నీళ్లు అలాగే కారుతున్నాయి, నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఆమె ఆలస్యంగా చూపించుకుంది, అదంతా కళ్ల ముందు తిరిగింది. ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను. ఆయన ఎక్కువ మాట్లాడలేదు, మర్నాడు సెలవు పెట్టి తనే తీసుకెళ్లారు.

డాక్టర్ చేత్తో చూసి, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ రెండూ రాశారు. 40 లోపు వాళ్లకి సాధారణంగా అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు, 40 దాటాను కాబట్టి రెండూ. మామోగ్రామ్ గురించి నేను విన్నవన్నీ భయపెట్టేవే, జరిగింది మాత్రం ఇది: నడుము పైదాకా బట్టలు తీసి ముందు వైపు తెరుచుకునే గౌను ఇస్తారు, రొమ్ముని ఒక పలక మీద పెట్టి పైనుంచి ఇంకో పలకతో అదుముతారు, ఊపిరి బిగబట్టమంటారు, కొన్ని సెకన్లు గట్టిగా నొప్పి అనిపిస్తుంది, వదిలేస్తారు. ఒక్కో వైపు పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. ఆ రోజు పౌడర్, డియోడరెంట్ వేసుకోకుండా వెళ్లాలి, అవి ఫిల్ములో చుక్కల్లా కనిపించి తికమక పెడతాయి. పీరియడ్స్ అయిన తర్వాత వారంలో వెళ్తే నొప్పి తక్కువ. అక్కడ పనిచేసే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "అయిపోయింది మేడం, అయిపోయింది" అంటూనే ఉంది. ఆమెకి నేను రుణపడి ఉన్నాను.

నీటితిత్తి అని తేలింది, సింపుల్ సిస్ట్. రిపోర్టులో బైరాడ్స్ 2 అని రాశారు, అంటే ప్రమాదం లేనిదని. ఎప్పటి నుంచి ఉందో తెలియదు, ఇదివరకు కొవ్వు మధ్యలో ఉండి చేతికి తగల్లేదు, కొవ్వు పోయాక తగిలింది. సన్నబడినవాళ్లలో చాలామందికి రొమ్ము తడిమితే ఇలా గింజలు గింజలుగా అనిపిస్తుందట, అవి మామూలు పాలగ్రంథులే అయ్యుండొచ్చు, ఒక్కోసారి అడుగున పక్కటెముక తగిలినా గడ్డేమో అనుకుంటారు. అయినా ఇది చదివి "నాదీ అంతేలే" అని ఎవరూ ఇంట్లో కూర్చోవద్దు. గడ్డ తగిలితే అది ఏమిటో తేల్చాల్సింది పరీక్ష, మన వేళ్లు కాదు. గట్టిగా ఉండి కదలని గడ్డ, చర్మం లోపలికి లాగినట్టు గుంట పడటం, నారింజ తొక్కలా మారడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, రక్తం చారలతో స్రావం, చంకలో గడ్డ, ఇవి బరువు తగ్గితే వచ్చేవి కావు. వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే వెళ్లండి. డబ్బు ఇబ్బంది అనుకునేవాళ్లకి రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, 30 దాటిన ఆడవాళ్లకి రొమ్ము పరీక్ష చేయడం ప్రభుత్వ ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) స్క్రీనింగ్‌లో భాగం, మీ బస్తీ దగ్గర ఆరోగ్య కేంద్రంలో అడగండి. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు దానంతటది తగ్గిపోతుంటే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే.

బ్రాల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే రోజువారీ ఇబ్బందిలో సగం ఇక్కడే తీరింది. కోఠి సుల్తాన్ బజార్‌లో ఒక షాపులో అడిగితే, కౌంటర్ వెనకున్నాయన నన్ను పైనుంచి కిందకి ఒక చూపు చూసి "38 ఇచ్చేయ్" అని కుర్రాడికి కేకేశారు. కప్ సైజు అడిగితే "ఫ్రీ కప్ మేడం, అందరికీ వస్తుంది" అన్నారు. రాదు. అందరికీ వచ్చే కప్పు ఉండదు. ఇంటికొచ్చి దర్జీ టేపుతో నేనే కొలుచుకున్నాను. రొమ్ముల కింద చుట్టూ టేపు బిగుతుగా పట్టుకుంటే 35 వచ్చింది, బేసి సంఖ్య వస్తే తర్వాతి సరి సంఖ్య తీసుకోవాలి కాబట్టి నా పట్టీ 36. నిండుగా ఉన్న చోట వదులుగా కొలిస్తే 39. తేడా మూడంగుళాలు, అంటే సి కప్. ఒక అంగుళం తేడా ఉంటే ఏ, రెండైతే బి, నాలుగైతే డి.

ఇదివరకు నేను వేసుకున్నది 40 సి, ఇప్పుడు 36 సి. అక్షరం అదే కదా, కప్పు తగ్గలేదేమో అనుకుంటారు. తగ్గింది. పట్టీ సైజు తగ్గేకొద్దీ అదే అక్షరం కప్పు చిన్నదవుతుంది. 36 సి లో పట్టేదీ, 38 బి లో పట్టేదీ, 40 ఏ లో పట్టేదీ దాదాపు ఒకటే. అంటే పాత లెక్కలో నేను రెండు కప్పులు దిగాను. ఇది తెలిస్తే షాపులో చాలా పనికొస్తుంది: కప్పు సరిపోయి పట్టీ బిగుతైతే పట్టీ ఒక సైజు పెంచి కప్పు ఒక అక్షరం దించాలి, పట్టీ వదులైతే దానికి తిరగేసి.

కొత్త బ్రా కొనేటప్పుడు చివరి హుక్కుకి, అంటే అన్నిటికన్నా వదులు దానికి పెట్టినప్పుడే సరిపోవాలి, ఎలాస్టిక్ సాగుతుంటే లోపలి హుక్కులకి జరుపుకోవచ్చు. పట్టీ వీపు మీద నేలకి సమానంగా ఉండాలి. బరువంతా మోయాల్సింది పట్టీ, భుజాల స్ట్రాప్‌లు కాదు, నా భుజాల మీద ఏళ్ల తరబడి ఉన్న గాట్లు ఈ సంగతి తెలియక పడినవే. వేసుకున్నాక ముందుకి వంగి రొమ్ముల్ని పక్కల నుంచి కూడా కప్పులోకి సర్దుకుని లేచి నిలబడితే అసలు ఫిట్ తెలుస్తుంది. పైభాగం చదునైపోయినవాళ్లకి మొత్తం కప్పే ఫుల్ కప్ రకం పైన ఖాళీగా ముడతలు పడుతుంది. పలచటి ప్యాడ్ ఉన్న టీషర్ట్ బ్రా లేదా పైభాగం తక్కువగా ఉండే హాఫ్ కప్ బాగా కూర్చుంటాయి, నాకైతే అలాగే. ఇంకా బరువు తగ్గుతూనే ఉంటే ఒకేసారి అర డజను కొనేయకండి, రెండు చాలు. నడకకి, జిమ్‌కి స్పోర్ట్స్ బ్రా తప్పనిసరి, సైజు తగ్గింది కదా ఇంకెందుకు అనుకోవద్దు, లోపల కండరం లేదు కాబట్టి పరిగెత్తేటప్పుడు రొమ్ములు పైకీ కిందకీ, పక్కలకీ కూడా ఊగుతాయి.

ఎండాకాలం గురించి ఒక మాట. సన్నబడితే రొమ్ముల కింద చెమటకాయలు, ఒరుపు పోతాయనుకున్నాను. చాలా తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు, చర్మం చర్మానికి తాకుతూనే ఉంది కదా. ఏప్రిల్, మే నెలల్లో స్నానం అయ్యాక అక్కడ మెత్తటి బట్టతో అద్ది, పూర్తిగా ఆరాక కాటన్ బ్రా వేసుకోవడం, చెమట పడితే మధ్యాహ్నం మార్చుకోవడం, అంతే. దురద వచ్చిందని మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు రాయొద్దు. అది ఫంగస్ అయితే స్టెరాయిడ్‌తో ముదురుతుంది, చర్మం పలచబడుతుంది.

సలహాలకేం కొదవ లేదు. మెంతి పిండి పట్టించమని ఒకరు, ఆముదంతో మసాజ్ చేయమని ఒకరు, ఏదో క్రీము వాడితే నెలలో బిగువు వస్తుందని ఒకరు. నేను డాక్టర్‌ని అడిగాను, సాగిన చర్మాన్ని, లోపలి పోగుల్ని ఏ నూనే ఏ క్రీమూ వెనక్కి ముడవదని తేల్చి చెప్పారు. నూనె రాస్తే చర్మం మెత్తగా ఉంటుంది, అంతవరకే. ఎక్సర్‌సైజుల విషయంలో కూడా నిజం చెప్పేవాళ్లు తక్కువ. పుషప్స్, డంబెల్ ప్రెస్ చేస్తే రొమ్ముల అడుగున ఉన్న ఛాతీ కండరం బలపడుతుంది, దానివల్ల కొంచెం నిండుగా, కొంచెం ఎత్తుగా కనిపిస్తుంది. రొమ్ము మాత్రం మళ్లీ నిండదు. నేను గోడకి చేతులు ఆన్చి చేసే పుషప్స్‌తో మొదలుపెట్టి, తర్వాత మంచం అంచు మీద, ఇప్పుడు నేల మీద మోకాళ్లు ఆన్చి చేస్తున్నాను. నాకు అన్నిటికన్నా కనిపించిన లాభం వీపు కండరాల ఎక్సర్‌సైజుల వల్ల. ఇన్నేళ్లూ బరువు వల్ల, దాచుకోవాలనే తపన వల్ల భుజాలు ముందుకి వంచి నడవడం అలవాటైపోయింది, వీపు నిటారుగా అయ్యాక జాకెట్టు కూర్చునే తీరే మారిపోయింది.

వేగం గురించి గట్టిగా చెప్పాలనుంది. ఒక వెయిట్ లాస్ సెంటర్‌లో నెలకి పది కిలోలు గ్యారంటీ అన్నారు, నేను చేరలేదు, నాకు తెలిసిన ఒకమ్మాయి చేరింది. జుట్టు కుప్పలుగా ఊడింది, పీరియడ్స్ ఆగిపోయాయి, ముఖం, రొమ్ములు వాడిపోయినట్టు అయ్యాయి. అంత వేగంగా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, చర్మానికి సర్దుకునే టైమే ఉండదు. 2025లో బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దగ్గర కూడా అమ్మకానికి వచ్చాయి, అవసరమైనవాళ్లకి డాక్టర్ పర్యవేక్షణలో అవి మంచి మందులే, కానీ వాటితో తగ్గినా రొమ్ముల విషయంలో జరిగేది ఇదే. ముందే తెలుసుకుని మొదలుపెడితే సగం బాధ ఉండదు. ప్రోటీన్ తినడం, బరువులెత్తడం, మెల్లగా తగ్గడం, వీటివల్ల మార్పు ఆగిపోతుందని నేను చెప్పను, నాకు ఆగలేదు కదా. ఒంట్లో బలం మాత్రం ఉంటుంది.

మనసు సంగతి కూడా చెప్పాలి. పెళ్లిలో చుట్టాలు "ఎంత సన్నబడ్డావే" అని మెచ్చుకుంటుంటే, అమ్మ మాత్రం పక్కకి తీసుకెళ్లి "మరీ పీక్కుపోయావు, ఛాతీ అంతా ఎండిపోయింది, చాలించు తల్లీ" అంది. ప్రేమతోనే అంది. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. ఇంత కష్టపడి సాధించిన ఒంటిని చూసుకుని దుఃఖం రావడమేంటి అని నన్ను నేనే కోప్పడ్డాను కూడా. ఇప్పుడు అలా కోప్పడను. షుగర్ తగ్గిన ఆనందం నిజమే, ఇరవై ఏళ్లుగా నాదిగా ఉన్న ఆకారం పోయిన బాధా నిజమే. ఈ రెండూ ఒక మనిషికి ఒకేసారి ఉంటాయి. మా ఆయనకి చెప్పినప్పుడు "నువ్వు మెట్లెక్కుతుంటే ఆయాసం రావట్లేదు, నాకు అది కనిపిస్తోంది" అన్నారు. ఆ మాట బాగుంది, కానీ నిజం చెప్పాలంటే మగవాళ్ల మెచ్చుకోలు కన్నా, నా వయసు ఆడవాళ్లు నలుగురు జిమ్ లాకర్ల దగ్గర నిలబడి "నాకూ, నాకూ" అని మాట్లాడుకున్న రోజు నా మనసు ఎక్కువ తేలికపడింది.

సర్జరీ గురించి కూడా అడిగి తెలుసుకున్నాను. బ్రెస్ట్ లిఫ్ట్ అంటారు, మిగిలిపోయిన చర్మం కొంత తీసేసి, చనుమొనని పైకి జరిపి, ఆకారం సరిచేస్తారు. సైజు పెంచదు, కావాలంటే దానికి ఇంప్లాంట్ వేరుగా పెట్టాలి. చనుమొన చుట్టూ, దాని కింద నిలువుగా మచ్చలు ఉంటాయి, మెల్లగా తేలికపడతాయి కానీ పూర్తిగా పోవు. బరువు కనీసం ఆరు నెలలు ఒకే దగ్గర నిలబడ్డాకే చేస్తామని ప్లాస్టిక్ సర్జన్ చెప్పారు, మళ్లీ పెరిగి తగ్గితే చేసినదంతా వృథా కాబట్టి. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆగితే మంచిదన్నారు. నేను వద్దనుకున్నాను, నాకు బ్రా, జాకెట్టు సరిగ్గా కుదిరితే చాలనిపించింది. నాతో జిమ్‌కి వచ్చే ఒకామె చేయించుకుంది, ఆమె 40 కిలోలకి పైగా తగ్గింది, చర్మం మడతల వల్ల ఒరుపు, పుండ్లు పడేవి, ఆమె నిర్ణయం ఆమెకి సరైనదే. చేయించుకున్నవాళ్లని "సోకు" అనేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది.

చివరగా, బరువు బాగా తగ్గాక మామోగ్రామ్‌కి వెళ్లేవాళ్లు ఒక పని చేయండి. పాత ఫిల్ములు, రిపోర్టులు ఉంటే వెంట తీసుకెళ్లండి, ఎన్ని కిలోలు ఎన్నాళ్లలో తగ్గారో రేడియాలజీ వాళ్లకి ముందే చెప్పండి. మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా, గ్రంథులు తెల్లగా కనిపిస్తాయి. కొవ్వు తగ్గితే తెల్లటి భాగం పాళ్లు పెరిగి, రిపోర్టులో రొమ్ము ఇదివరకటి కన్నా "డెన్స్" అని రావచ్చు. అది చదివి కంగారు పడిపోతారు, నేనూ పడ్డాను. అలా రావడం జబ్బు కాదు, కాకపోతే గడ్డలు కూడా తెల్లగానే కనిపిస్తాయి కాబట్టి అలాంటప్పుడు అల్ట్రాసౌండ్ కూడా తోడు చేయించాలా అని డాక్టర్‌ని అడగండి. నా ఫైల్లో అన్ని రిపోర్టుల పైనా ఆ రోజు నా బరువు ఎంతో పెన్నుతో రాసి పెట్టుకున్నాను.